మోదుగు పూసే నెలల్లో పిట్టల వెంట

పక్షులు చూడాలంటే చలికాలమే మంచిదని, సంక్రాంతి దాటితే చూడ్డానికి పెద్దగా ఏమీ మిగలదని చాలామంది అనుకుంటారు. నా వరకు మాఘం చివరి నుంచి చైత్రం దాటేదాకా ఉండే రోజులే అసలైన రోజులు. చలికాలంలో వచ్చిన వలస పక్షులు తిరుగు ప్రయాణానికి ముందు కొత్త ఈకలు తొడుక్కునేది అప్పుడే. ఇక్కడే పుట్టి పెరిగే పిట్టలు జంట కట్టి గూటికి చోటు వెతుక్కునేదీ అప్పుడే. ఒకే చెరువు గట్టున, ఒకే పొద్దున ఈ రెండూ చూడొచ్చు.

హైదరాబాద్‌లో నలుగురూ కలిసి పిట్టలు చూడ్డానికి వెళ్లడం నిన్న మొన్న మొదలైంది కాదు. 1980లోనే బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 'పిట్ట' పేరుతో పత్రిక కూడా నడిపారు. ఇప్పుడు అదే డెక్కన్ బర్డర్స్. తర్వాత ఇంకొన్ని బృందాలూ వచ్చాయి. మా బృందంలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, పిల్లల డాక్టరమ్మ ఉన్నారు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు ఉన్నారు, ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, ఆ అమ్మాయిని స్కూటర్ మీద తీసుకొచ్చే వాళ్ల నాన్న ఉన్నారు. కట్టుబాట్లు కొన్నే గానీ గట్టివి. మెరిసే రంగుల బట్టలు వద్దు. ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించకూడదు. గూడు కనిపిస్తే దగ్గరికి పోకూడదు, ఫొటో అసలే వద్దు.

ఫిబ్రవరి చివరి ఆదివారం, అమీన్‌పూర్

మియాపూర్ దాటి అమీన్‌పూర్ చెరువు గట్టు ఎక్కేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటి చెరువు ఇది. 2016లో దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఒక నగరపు చెరువుకు ఆ గుర్తింపు రావడం అదే మొదలు. చుట్టూ ఇప్పుడు అపార్ట్‌మెంట్లే. ఆ మేడల నీడ నీళ్లలో పడుతుంటే, దాని మీదుగా నల్ల తెల్ల లకుముకి పిట్ట ఒకటి గాల్లో ఉన్నచోటే రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువుగా నీళ్లలోకి దూకింది.

బాతులు పలచబడ్డాయి. పిన్‌టెయిళ్లు కొన్ని, షవెలర్లు కొన్ని మిగిలాయి. హిమాలయాలు దాటి వచ్చే బార్ హెడెడ్ గూస్‌లు ఇక్కడ కనిపించలేదు. అవి తొందరగానే బయలుదేరతాయి. నేను వచ్చింది బాతుల కోసం కాదు, బురద కోసం. ఫిబ్రవరి చివరికి నీళ్లు వెనక్కి తగ్గి, ఒడ్డు వెంట బురద పట్టీ ఒకటి బయటపడుతుంది. దాని మీద రెండు వేళ్ల లోతు నీళ్లుంటాయి. చిన్న పిట్టల తిండంతా అక్కడే. లిటిల్ స్టింట్ అని ఒక పిట్ట ఉంది, పిచ్చుకంత ఉంటుంది, బరువు ముప్పై గ్రాములు కూడా ఉండదు. అది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ తీరాన, చెట్టన్నదే లేని టండ్రా నేల మీద. అంత దూరం పోవాలంటే ఒంట్లో కొవ్వు కూడబెట్టుకోవాలి. ఆ కొవ్వు ఈ బురదలోని పురుగుల నుంచే రావాలి.

ఎల్లో వాగ్‌టెయిళ్లు వచ్చాయి. చలికాలమంతా ఇవి వెలిసిపోయిన రంగులో, దేన్ని చూసినా ఒకేలా ఉంటాయి. ఫిబ్రవరి నుంచి మగవాటి తల రంగు తేలుతుంది, అప్పుడే ఏది ఏ ప్రాంతం నుంచి వచ్చిందో చెప్పగలం. బ్యాంకు అంకుల్ స్కోపు (టెలిస్కోపు) సర్ది అమ్మాయిని పిలిచారు.

"తొందరేం లేదమ్మా. తల పక్కకు తిప్పనీ. కంటి పైన తెల్ల గీత ఉందా?"

"లేదంకుల్. తలంతా ముదురు బూడిద రంగు. చెంప ఇంకా నల్లగా ఉంది."

"అయితే గ్రే హెడెడ్. స్కాండినేవియా, సైబీరియా అడవుల వైపు పోయేది. ఇప్పుడు ఆ కుడి పక్కన ఉన్నది చూడు."

కుడి పక్కన ఉన్నదానికి లేత నీలి బూడిద తల, కంటి పైన స్పష్టంగా తెల్ల గీత. అది కజకిస్తాన్ వైపు గడ్డి భూములకు పోయే రకం. ఈ రెండూ ఇలా మూరెడు దూరంలో, ఒకే గేదె కాళ్ల చుట్టూ పురుగులు ఏరుకుంటున్నాయి. ఇంకో రెండు మూడు నెలలు గడిస్తే వాటి మధ్య వేల కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఆ అమ్మాయి స్కోపు వదలలేదు. మిగతావాళ్లం వంతు కోసం నిలబడ్డాం, ఎవరూ తొందరపెట్టలేదు.

నగరంలో చెరువును బాగుచేయడమంటే చుట్టూ రాయి కట్టి, ఒడ్డు నుంచే లోతు చేసి, పైన వాకింగ్ ట్రాక్ వేయడమే అయిపోయింది. అలా కట్టిన చెరువులో నీటికాకులు, బొల్లికోళ్లు ఉంటాయి. స్టింట్లు, వాగ్‌టెయిళ్లు ఉండవు. వాటికి నిలబడే చోటే ఉండదు. నడిచేవాళ్లకు బాట కావాలి, కాదనను. చెరువుకు ఒక వైపైనా ఆ ఏటవాలు బురద ఒడ్డును అలాగే వదిలేయాలని అడుగుతున్నాం, అంతే.

మార్చి మొదటి ఆదివారం, చేవెళ్ల దారి

అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డుకు రెండు పక్కలా పాత మర్రిచెట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు వీటిని కాపాడాలని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) దాకా వెళ్లారు. ఈ దారి ఇరుకుదని, ప్రమాదాలు జరుగుతున్నాయని రోజూ తిరిగేవాళ్లు చెప్పే బాధ కూడా నిజమే. ఒక చెట్టు కింద కారు ఆపి పావుగంట తల పైకెత్తి నిలబడితే, ఇంకో పక్క వాదన ఏమిటో దానంతట అదే అర్థమవుతుంది. మర్రిపళ్లు ఎర్రబారాయి. కాపర్‌స్మిత్ బార్బెట్లు, కోయిలలు, గోరువంకలు, రామచిలుకలు అన్నీ అక్కడే ఉన్నాయి. ఎర్ర కన్ను, ఒంటినిండా తెల్ల చుక్కలున్న ఆడకోయిల నోటినిండా పండు పెట్టుకుని మింగలేక మెడ సాగదీస్తోంది. మగకోయిల పై కొమ్మన కూర్చుని, గొంతు పోయేలా కూస్తోంది.

చేవెళ్ల దాటాక రాళ్లు, గడ్డి కలిసిన బీడు భూముల్లోకి దిగాం. మోదుగులు నిండా పూసి ఉన్నాయి, ఒక్క ఆకు లేదు. రోజీ స్టార్లింగులు గుంపుగా వాలి పువ్వుల్లో ముక్కు పెడుతున్నాయి. వాటి నుదుటి ఈకలకు పుప్పొడి అంటుకుని పసుపు పూసినట్టుంది. ఇవి మధ్య ఆసియా నుంచి వచ్చినవి. ఏప్రిల్లో తిరిగి పోతాయి. ఈలోగా ఈ చెట్లకు పరాగసంపర్కం చేసిపెడతాయి.

బీడు భూమి అనే మాటతోనే ఇలాంటి నేలకు అన్యాయం మొదలవుతుంది. పొద్దెక్కుతుండగా గడ్డిలోంచి ఒక యాషీ క్రౌన్డ్ స్పారో లార్క్ పైకి లేచింది. కొంత ఎత్తుకు పోయి రెక్కలు ముడిచి కిందికి జారి, మళ్లీ లేచి, మళ్లీ జారి, సన్నని ఈల వేస్తూ ఒక రాయి మీద వాలింది. జతను పిలవడం అది. శాండ్‌గ్రౌస్‌లు ఎనిమిదిన్నరకు కుంటకు వచ్చాయి. నేల మీద కూర్చుంటే మట్టికీ వాటికీ తేడా తెలియదు. నీళ్లు తాగడం అయ్యాక ఒక మగపిట్ట పొట్ట నీళ్లకు ఆనించి అటూ ఇటూ ఊగింది. దాని పొట్ట ఈకలు నీళ్లను పీల్చి పట్టుకుంటాయి. ఎక్కడో ఎండలో ఉన్న పిల్లల దగ్గరకు అలాగే ఎగిరిపోతే, అవి ఆ ఈకల్లోంచి నీళ్లు తాగుతాయి. డాక్టరమ్మ బైనాక్యులర్ దించి, "చూశారా, ఎట్లా తడుపుకుందో!" అన్నారు, గొంతు తగ్గించడం కూడా మర్చిపోయి.

మార్చి మూడో ఆదివారం, మంజీర

సంగారెడ్డి నుంచి కలబ్‌గూర్ వైపు పోతే మంజీర అభయారణ్యం. సింగూరు, మంజీర ఆనకట్టల మధ్య ఉన్న నది ఇది. హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చిన నది. మొసళ్ల కోసం 1978లో దీన్ని అభయారణ్యం చేశారు. నీళ్ల మధ్య పుట్టిగడ్డ, బాపనగడ్డ లాంటి లంకలున్నాయి. ఎర్రకాళ్ల కొంగలు వాటి మీది చెట్ల మీద గూళ్లు కడతాయి. ఎండ ముదరకముందే ఒక మొసలి లంక అంచున నోరు తెరుచుకుని పడుకుంది. దానికి పది అడుగుల దూరంలో నారాయణపక్షి ఒంటికాలి మీద ఉంది. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదు.

ఆ పూట మేం ఎక్కువసేపు చూసింది రివర్ టర్న్‌లను. మన పెద్ద నదుల పిట్ట ఇది. పసుపు ముక్కు, నల్ల టోపీ, రెండుగా చీలిన పొడవాటి తోక. ప్రపంచవ్యాప్తంగా తగ్గిపోతోందని దీన్ని ముప్పులో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. నీళ్లు తగ్గి ఇసుక తిన్నె తేలగానే మార్చి నుంచి ఇవి గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు. పొట్టతో ఇసుకలో చిన్న గుంట చేసి, ఇసుక రంగులోనే ఉన్న రెండు మూడు గుడ్లు పెడతాయి.

ఒక ఆడది తిన్నె మీద కూర్చుంది. మగది నీళ్ల మీద రెండు మూడు చుట్లు తిరిగి దూకింది, వేలంత వెండి చేపతో లేచింది. నేరుగా ఇవ్వలేదు. ఎదురుగా వాలి, తల పైకెత్తి, చేపను అడ్డంగా పట్టుకుని ఆమె చుట్టూ నడిచింది. ఆమె మెడ చాచి అడిగింది. మగది వెనక్కి జరిగింది. మళ్లీ ఒక చుట్టు. చేప ఇంకా తోక కొట్టుకుంటోంది, దాని మీది నీటి చుక్కలు కూడా స్కోపులో కనిపిస్తున్నాయి. మూడో చుట్టు అయ్యాక ఆమె లేచి చేపను అందుకుని, తల ముందుకు వచ్చేలా తిప్పుకుని, ఒక్క గుటకలో మింగింది. మగది వెంటనే మళ్లీ నీళ్ల మీదికి పోయింది. గుడ్లు పెట్టేదాకా ఇలా తెస్తూనే ఉంటుంది. గుడ్లకు బలం అక్కడి నుంచే రావాలి.

ఇసుకలో గుడ్లు పెట్టే పిట్టలకు వేసవి అంతా గండమే. ఊరకుక్కలు ఈదుకుంటూ వస్తాయి, గొర్లు తొక్కుతాయి, ఇసుక కోసం ట్రాక్టర్లు దిగుతాయి. అన్నిటికంటే పెద్ద గండం పై ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలే నీళ్లు. తిన్నె మునిగితే ఆ ఏటి సంతానం అంతా పోయినట్టే. తిన్నెల మీదే గుడ్లు పెట్టే చిన్న ప్రాటింకోల్ పిట్టలదీ ఇదే కథ. నది మీద ఆనకట్టలున్న ప్రతిచోటా ఇది ఉంది. మార్చి నుంచి మే దాకా నీళ్లు ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా వదిలే వీలుంటే చాలు, ఎన్నో గుడ్లు బతుకుతాయి.

తిరిగి వస్తుంటే ఒక తీతువు తల మీదికి వచ్చి అరిచింది. తీతువు అరిస్తే అశుభమనే ఊళ్లు ఇంకా ఉన్నాయి. రాళ్ల మధ్య గుడ్లు పెట్టుకున్న తల్లి అరుపు అది. మేం దారి మార్చుకుని చుట్టూ తిరిగి వెళ్లాం.

ఉగాది తర్వాతి శనివారం, మన్ననూరు

శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఇక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, నల్లమల. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931-32లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు ఈ కొండల్లోనూ మకాం వేశారు. ఆయన రాసి పెట్టినవాటితో పోల్చి చూసుకోగలగడం ఈ ప్రాంతానికి పెద్ద ఆస్తి. అందుకే మా వాళ్లు ప్రతి నడకలోనూ జాబితా రాయడం మీద అంత పట్టు పడతారు. ఏ పిట్ట, ఎన్ని, ఎక్కడ, ఎన్ని గంటలకు. ఆ రాత ఈబర్డ్ అనే ఆన్‌లైన్ పక్షుల రికార్డులోకి పోతుంది. తొంభై ఏళ్ల తర్వాత ఎవరో ఒకరికి పనికొస్తుంది.

సాయంత్రం ఊరి చివర దాకా నడిచాం. ఆకు రాల్చేసిన అడవి. కొండగోగు పసుపు పూలు మోడుల మీద వెలుగుతున్నాయి. ఒక తాటి మోడు పైన పాలపిట్టల జంట. మగది ఎంతో ఎత్తుకు లేచి, కర్కశంగా అరుస్తూ తలకిందులుగా పడుతూ, పడుతూనే పక్కలకు దొర్లుతూ, నేలకు దగ్గరగా వచ్చాక రెక్కలు విప్పింది. దసరాకు పాలపిట్టను చూడాలని వెతుక్కునే మనం చైత్రంలో కూడా చూడాలి. నీలం రంగులు రెండూ పూర్తిగా బయటపడేది ఈ విన్యాసంలోనే.

ఆదివారం, ఫరహాబాద్

అటవీశాఖ బండిలో ఫరహాబాద్ వైపు బయలుదేరాం. మాతో ఒక చెంచు అన్న వచ్చాడు. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద పూలు రాలి ఉన్నాయి, ఇద్దరు ఆడవాళ్లు బుట్టల్లోకి ఏరుతున్నారు. దారిలో జిట్టకోడి కూత వినిపించింది. మా కుర్రాడొకడు కెమెరా ఎత్తాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది జిట్టకోడి కాదు సార్. గా పొడుగు తోక పిట్టనే దాని లెక్క ఒర్రుతున్నది."

నిజమే. పైన కొమ్మ మీద రాకెట్ టెయిల్డ్ డ్రోంగో ఉంది. తోక చివర సన్నని తీగలకు వేలాడే రెండు నల్లని బిళ్లలు. అది జిట్టకోడిలా కూసింది, వెంటనే డేగలా అరిచింది, తర్వాత బాబ్లర్ల గోల చేసింది. వేర్వేరు పిట్టలను ఒకచోటికి రప్పించి, అవి కదిలినప్పుడు లేచే పురుగులను పట్టుకోవడానికి ఈ అనుకరణ దానికి పనికొస్తుంది. కూత విని పిట్టను గుర్తుపట్టడం మేం చాలాకాలంగా నేర్చుకుంటున్న విద్య. ఏ కూత దొంగ కూతో గుర్తుపట్టడం ఇంకో మెట్టు పైన ఉంది. అన్న దాన్ని నడుస్తూ నడుస్తూ, తల తిప్పకుండానే చెప్పేశాడు. ఆ తర్వాత మా నోటు పుస్తకాలన్నీ ఆయన వైపే తిరిగాయి.

పదకొండు గంటలకు ఒక సాసర్ పిట్ దగ్గర కూర్చున్నాం. వేసవిలో వాగులు ఎండితే జంతువుల కోసం అడవిలో అక్కడక్కడా నేలకు సమంగా సిమెంటు తొట్లు కట్టి ట్యాంకర్లతో నింపుతారు. బండి ఆపి, అద్దాలు దించి, మాటలు ఆపేశాం. ముందు పికిలిపిట్టలు వచ్చాయి. అవి తాగి పోతే భయం లేదని మిగతావాటికి తెలుస్తుంది. జంగిల్ బాబ్లర్లు ఏడెనిమిది కలిసి వచ్చి, ఒకటి కాపలా కాస్తుండగా మిగిలినవి తాగాయి. టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్ ఒంటరిగా వచ్చింది, నీలి వీపు, నారింజ గొంతు. అంచు మీద వాలి మూడుసార్లు ముక్కు ముంచి పోయింది.

ఆ తర్వాత తోక పిగిలిపిట్ట వచ్చింది, పెద్ద మగది. తెల్లని ఒళ్లు, నల్లని తల, ఒంటికి రెండు మూడింతల పొడవున్న రెండు తెల్లని తోక ఈకలు. అది తొట్టి దగ్గర వాలలేదు. పైకొమ్మ నుంచి నీళ్ల మీదికి పడి, పొట్ట మాత్రం తడిపి, తోక వెనక ఊగుతుండగా తిరిగి కొమ్మెక్కింది. ఈకలు విదిల్చింది. మళ్లీ పడింది. ఆ తోకతో ఇంత ఒడుపుగా ఎగరడం ఎలాగో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఇన్నాళ్లూ స్కూటర్ దగ్గరే పేపర్ చదువుకునేవాడు. ఆ రోజు కూతురి బైనాక్యులర్ అడిగి తీసుకుని, చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

ఏప్రిల్ నాలుగో ఆదివారం, అనంతగిరి

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలు మూసీ పుట్టిన చోటు. అనంత పద్మనాభస్వామి గుడి కింద నుంచి అడవిలోకి దిగాం. ఎండ ఏడింటికే చురుక్కుమంటోంది. మోదుగులు కాయలు పట్టాయి, రోజీ స్టార్లింగులు వెళ్లిపోయాయి. బ్రెయిన్ ఫీవర్ పిట్ట మొదలుపెట్టింది, ఒక్కో కూతకు గొంతు పెంచుకుంటూ.

ఈ నెల చివర్లో అందరం ఎదురుచూసేది ఇండియన్ పిట్టా కోసం. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, వానలకు ముందు ఉత్తరానికి పోయే పిట్ట అది. దారిలో మన దగ్గర ఆగుతుంది. రాత్రిపూట ప్రయాణం చేసి అలసిపోయి ఇళ్ల పెరట్లలో, బాల్కనీల్లో పడిపోవడం కూడా మామూలే. అలా కనిపిస్తే గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట కాసేపు ఉంచి, తేరుకున్నాక చెట్ల మధ్య వదిలేయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, చేత్తో పట్టుకుని ఫొటోలు దిగకూడదు.

వెదురు పొదల కింద ఎండుటాకులు కదిలాయి. ఆరెంజ్ హెడెడ్ థ్రష్ ఆకులు తిరగేస్తోంది. దాన్నే చూస్తుంటే డాక్టరమ్మ నా మోచేయి తట్టారు. పదడుగులు ఎడమకు, రాయి పక్కన, పొట్టి తోక, పచ్చని వీపు, తోక కింద ఎర్రని మచ్చ. రెండు గెంతులు వేసి, వానపామును లాగి, కంటి మీది నల్ల పట్టీ మా వైపు తిప్పి ఒక్క క్షణం నిలబడింది. ఎవరూ క్లిక్ చేయలేదు. పొదలోకి పోయాక అందరం ఒకేసారి మాట్లాడాం.

గుడి మెట్ల దగ్గర పులిహోర పొట్లాలు విప్పుకుని జాబితా చదువుకున్నాం. ఒకరు పేరు చదువుతారు, చూసినవాళ్లు చెయ్యెత్తుతారు. ఒక్కరే చూసి, వాళ్లకు ఖాయం కాకపోతే రాయరు. పిట్టా పేరు చదివేలోపే చేతులన్నీ లేచాయి. ఆ వరుసలో సమయం, చోటు రాసింది ఆ అమ్మాయే.

మేలో ఎండలు ముదిరినా నడకలు ఆగవు, కాకపోతే ఐదింటికే మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగిస్తారు. ఎక్కువగా ఊళ్లోనే, కేబీఆర్ పార్కులాంటి చోట్ల. రావాలనుకునేవాళ్లు నీళ్ల సీసా, టోపీ తెచ్చుకుంటే చాలు. బైనాక్యులర్ లేకపోతే పక్కవాళ్లు ఇస్తారు.